కండబలము – నాడీబలము



మనము ప్రతిదినము చేయుచు, ఎన్నడును ఆశ్చర్యపడని పని యొకటి గలదు. తెల్లవారగానే మంచినీళ్ల చెంబు నెత్తి నోటిలో పోసికొందుము. పిమ్మట అదే చేతితో నూతినుండి నిండుబిందెను పైకి లాగుదుము. చెంబునకు కావలసిన బలము కొంచెము. బిందెకు కావలసిన బలము మెండు. రెండు పనులను చేసినవి మాత్రము అవే కండరములు. చెంబు నెత్తుటకు బిందెకు తగిన బలమును చూపితిమా, నీళ్లు నెత్తిమీద పడును. బిందెకు చెంబునకు తగిన బలమే చూపితిమా, అది కదలనైన కదలదు. ఏ పనికి ఎంత బలము కావలెనో అంతయే కొలిచి యిచ్చుచున్న దెవరు? ఎట్లు కొలుచుచున్నారు? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు కనుగొనిన సమాధానమును నేడు మీకు మనవి చేయదలచితిని.

ఇది వేడుకకొరకు మాత్రమే చెప్పు విషయము కాదు. పక్షవాతము, పోలియో, ముసలితనమున వచ్చు నీరసము, ఈ మూడింటి మర్మమును ఇందే యున్నది. అది తెలియకపోవుటచే మా యింట జరిగిన పొరపాటు నొకదానిని చివర చెప్పెదను.

ముందుగా కండర మెట్టిదో చూతము. కండరము చూచుటకు ముద్దగా కనబడినను నిజమునకు ముద్ద కాదు. కొబ్బరితాటిని విప్పినచో పీచు విడివడునట్లు, కండరమును విడదీసినచో తలవెంట్రుకవంటి సన్నని పోగులు వేలకొలదిగా కానవచ్చును. ఈ పోగులు మన పనులకు తమంత తాము కుంచించుకొనవు. ప్రతి పోగునొద్దకును ఒక నాడీతంతువు వచ్చి చేరును. ఆ తంతువుయొక్క మొదలు వెన్నుపాములో నున్నది. వెన్నుపూసల గొలుసు లోపల, చిటికెనవ్రేలి మందమున మెదడునుండి దిగు మెత్తని త్రాడే వెన్నుపాము. దానిలో పొట్టవైపు భాగమున వరుసలుగా నుండు కొన్ని జీవకణములకు చాలక నాడీకణములని పేరు. చలనమును కలిగించునవి కావున వాని కా పేరు వచ్చినది. కణము అత్యంత సూక్ష్మమైనది. దానినుండి బయలుదేరిన తంతువు మాత్రము, పాదమునకు పోవునదైనచో, నడుమునుండి ఇంచుమించు ఒక మీటరు పొడవున సాగును.

ఈ తంతువు కండరమును చేరి కొమ్మలుగా చీలి, ఒక్కొక్క కొమ్మతో ఒక్కొక్క పోగును కలిసికొనును. ఒక నాడీకణము, దానికి లోబడిన పోగులు, ఇవన్నియు కలిసి ఒక జట్టు. కండరము చేయు ప్రతి పనికిని ఈ జట్టే మూలప్రమాణమని 1925లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్, లిడెల్ అను సహచరునితో కలిసి ప్రకటించెను. ధాన్యపు బస్తాలెత్తు ముఠాకూలీలను మీరెరుగుదురు. ముఠామేస్త్రి కేక వేసినచో అతని ముఠా అంతయు భుజము పట్టును. సగముమంది పట్టుటయు, సగముమంది కూర్చుండుటయు నుండదు. నాడీకణము మేస్త్రి, పోగులు కూలీలు. కణము పిలిచిన, దాని పోగులన్నియు కుంచించుకొనును. పిలువనిచో ఒక్కటియు కదలదు. నడిమి మార్గము లేదు.

అన్ని ముఠాలును ఒకే పరిమాణము గలవి కావు. కనుగ్రుడ్డును త్రిప్పు కండరములలో ఒక్కొక్క మేస్త్రి క్రింద సుమారు పది పోగులుండును. పిక్కలోని పెద్ద కండరములోనో, సగటున రమారమి రెండువేల పోగులు. వెంట్రుకవాసి కదలవలసిన కంటికి చిన్న ముఠాలు. శరీరభారమంతయు నెత్తవలసిన కాలికి పెద్ద ముఠాలు.

మేస్త్రి వేయు కేక యెట్టిది? అది తంతువు వెంబడి పరుగెత్తు ఒక విద్యుత్ కదలిక. ఈ వేగమును కొలుచుట మనుష్యునికి సాధ్యము కాదని ఒకప్పుడు పెద్ద శాస్త్రజ్ఞులే తలచిరి. 1850లో జర్మనీ దేశీయుడైన హెల్మ్‌హోల్ట్స్ కప్పకాలి నరముపై దానిని కొలిచి, సెకనునకు సుమారు 30 మీటర్లని చూపెను. మనుష్యుని చేతినరములలో ఆ వేగము సెకనునకు 50 మీటర్లకు పైబడియుండును. తంతువుకొనకును పోగునకును నడుమ మిక్కిలి సన్నని సందు గలదు. కేక అచ్చటికి చేరగానే తంతువుకొననుండి ఎసిటైల్‌కోలిన్ అను ద్రవ్యము స్రవించి, సందును దాటి, పోగును మేలుకొలుపును. ఈ సంగతిని 1936లో హెన్రీ డేల్, ఆయన సహచరులు ప్రయోగములచే వెల్లడించిరి. పోగు ఒక్కమారు ఉలికిపడి కుంచించుకొని, సెకనులో పదియవ వంతు ప్రాంతమున మరల సడలిపోవును. ఒక కేకకు ఒక ఉలికిపాటు, అంతే.

ఇక మన మొదటి ప్రశ్నకు వత్తము. సగము పని చేయుట యెరుగని ముఠాలతో కొంచెము బలమును, మెండు బలమును కొలిచి యిచ్చుట యెట్లు? ఉపాయములు రెండే. మొదటిది, పిలుచు ముఠాల సంఖ్యను పెంచుట. రెండవది, పిలిచిన ముఠాకు కేక వెంట కేక వేయుట. మొదటి ఉలికిపాటు సడలకమునుపే రెండవ కేక వచ్చినచో, ఒకదానిపై నొకటి చేరి లాగు పెరుగును.

ఇది ఊహ కాదు, చెవులార వినిన సంగతి. 1929లో ఎడ్గార్ ఏడ్రియన్, డెట్లెవ్ బ్రాంక్ అను నిరువురు, మందు నెక్కించు సూదివంటి బోలుసూదిలో సన్నని తీగ నొకదానిని అమర్చి, దానిని మనుష్యుని కండరములో గ్రుచ్చిరి. పోగులలో పుట్టు అత్యల్ప విద్యుత్తును పెంచి లౌడుస్పీకరునకు కలిపిరి. మీ యింట నా మాటలను వినిపించుచున్నదియు అట్టి పరికరమే గదా! కండరము సడలియున్నపుడు ఏ చప్పుడును లేదు. కొంచెము బిగింపగానే టక్, టక్, టక్ అని ఒక మేస్త్రి కేకలు వినవచ్చెను. అట్టి కేకలు సెకనునకు అయిదారు మొదలుకొని పది వరకు నుండును. ఇంకను బిగించినచో ఆ కేకలు త్వరపడును. వానికి తోడుగా మరియొకని కేకలు, వేరొకని కేకలు వచ్చి కలియును. తుదకు ఒకదానినుండి మరియొకటి విడదీయరాని హోరు పుట్టును. బలమంతయు నుపయోగించినపుడు ఒక్కొక్క కణము సెకనునకు 30 మొదలు 50 వరకు కేకలు వేయుట సామాన్యము. ఒక్క ఊపున విసురునపుడు మొదటి రెండు మూడు కేకలు అంతకంటెను దగ్గరదగ్గరగా పడును. నాడీకణముల పనిని వెల్లడించినందులకు షెరింగ్టన్, ఏడ్రియన్ అను నిద్దరికిని 1932లో నోబెల్ బహుమానము లభించినది.

ఇచట మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. ప్రతి పోగును సెకనునకు పదేసిసార్లు ఉలికిపడుచుండగా చేయి యేల వణకదు? ఏలయనగా, ముఠాలన్నియు ఒక్కమారే లాగవు. ఒకే రోటిలో ముగ్గురు స్త్రీలు వడ్లు దంచుటను మీరు చూచియుందురు. ఒకరి రోకలి పడునపుడు మరియొకరి రోకలి పైకి లేచుచుండును, దంపునకు తెంపుండదు. అట్లే ఒక ముఠా సడలునపుడు మరియొకటి బిగియును. అందుచే లాగు నిలకడగా నుండును.

ఈ చప్పుడును సూది లేకయే మీరు వినవచ్చును. రాత్రి ఊరు సద్దుమణిగిన పిదప, బొటనవ్రేళ్లతో రెండు చెవులను మెల్లగా మూసికొని, మోచేతులను దేనికిని ఆనింపక, పిడికిళ్లను గట్టిగా బిగింపుడు. దూరమున బండ్లు పోవుచున్నట్లు సన్నని గుడగుడ వినబడును. పిడికిలి సడలించినచో అది తగ్గును. 1809లో లండనులోని రాయల్ సొసైటీలో విలియం వొల్లాస్టన్ అను పండితుడు ఈ ధ్వనినిగూర్చి ఉపన్యసించుచు, రాళ్లు పరచిన వీధిలో దూరమున పోవు బండ్ల చప్పుడుతో దానిని పోల్చెను. పనిలోనున్న పోగుల కదలికయే ఆ ధ్వని. మన శరీరములోని ముఠాలు పని చేయుటను మన చెవితో మనమే వినవచ్చునన్న మాట.

ఇక ఏ ముఠాను ముందు పిలువవలెను? దీనికొక క్రమము గలదు. 1957లో అమెరికాలో ఎల్వుడ్ హెన్నెమన్ అను నాతడు పిల్లులపై పరిశోధించి దానిని ప్రకటించెను. చిన్న నాడీకణములు ముందు మేల్కొనును. పెద్దవి పిదప మేల్కొనును. సడలించునపుడు చివర వచ్చినది ముందుగా విరమించును. మనుష్యుని చూపుడువ్రేలిని ప్రక్కకు జరుపు కండరములోను ఇట్టి క్రమమే యున్నదని 1973లో మిల్నర్-బ్రౌన్, స్టైన్, యెమ్ అను మువ్వురు చూపిరి. దీనికి కారణము తేలికగనే బోధపడును. ఒకే ధారను చెంబులోను గంగాళములోను పోసినచో ముందు నిండి పొరలునది చెంబు. అట్లే మెదడునుండి వచ్చు ప్రేరణము అన్ని కణములకును అందినను, చిన్నకణము త్వరగా నిండి కేక వేయును. పెద్దకణమునకు ఎక్కువ ప్రేరణము కావలెను.

ఈ క్రమమునందలి సౌకర్యమును గమనింపుడు. చిన్నకణముల ముఠాలు చిన్నవి. వాని బలము కొంచెము. కాని అవి గంటలకొలది పని చేసినను అలయవు. మనము నిలుచుండుట, మెల్లగా నడచుట వానివలననే. పెద్దకణముల ముఠాలు బలమైనవి. కాని త్వరగా అలసిపోవును. మదించిన ఎద్దు తరిమినపుడో, బస్తా భుజమున కెత్తునపుడో గాని వానికి పిలుపు రాదు. బంగారమును తూచుటకు గురిగింజలు, ధాన్యమును తూచుటకు మణుగులు ఒకప్పుడు ఉండినట్లు, తేలికపనికి చిన్నతూకపు ముఠాలు, బరువుపనికి పెద్దతూకపు ముఠాలు వచ్చుచున్నవి. చెంబునకు కొన్ని చిన్న ముఠాలు మెల్లని కేకలతో వచ్చును. బిందెకు పెద్ద ముఠాలు కూడ త్వరిత కేకలతో వచ్చును. ఇదియే ఆ కొలత.

ఈ కొలతను ముందుగా అంచనా వేయునది మెదడు. నిండియున్నదనుకొని ఖాళీబిందెను ఎత్తబోయి వెనుకకు తూలినవారు మనలో నుండకపోరు. మెదడు నిండుబిందెకు తగినన్ని ముఠాలను పిలిచినది, బిందె ఖాళీది, తప్పు అంచనాలోనిది. మరుక్షణమే చేతినుండి కబురు పోయి కొలత సరిచేయబడును.

మెదడునుండి దిగు ఆజ్ఞాతంతువులలో పెక్కు, మెదడునకు అడుగున, ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు దాటిపోవును. అందుచే మెదడుయొక్క ఎడమభాగము కుడిచేతిని, కుడిభాగము ఎడమచేతిని ఆడించుచున్నది. దీనినిబట్టి రెండు వ్యాధుల భేదము తెలియును. పక్షవాతమున సామాన్యముగా మెదడులో నెత్తురునాళము పూడుటయో, చిట్లుటయో జరుగును. అనగా యజమాని ఆజ్ఞ మేస్త్రిని చేరదు. మేస్త్రియు కూలీలును మాత్రము బ్రదికియే యున్నారు. పోలియోలో యజమాని బాగుగనే యున్నాడు. వెన్నుపాములోని మేస్త్రులే మరణింతురు. పిలుచువారు లేక పోగులు ఎండిపోయి కాలు సన్నబడును.

పోలియోచే కాలు చచ్చుబడిన పిల్లలు లేని ఊరు ఒకప్పుడు అరుదు. చుక్కలమందు మహిమచే మన దేశములో సహజ పోలియో క్రిమివలన కలిగిన చివరి రోగము 2011 జనవరిలో బెంగాలులో కనబడినది. 2014 మార్చిలో మన దేశము ఆ రోగమునుండి విముక్తమైనట్లు నిర్ణయింపబడినది. పోలియో సోకి తేరుకొనినవారిలో శాస్త్రజ్ఞులు ఒక వింతను గనిరి. బ్రదికియున్న నాడీకణములు క్రొత్త కొమ్మలను చాచి, దిక్కులేని పోగులను కొన్నింటిని తమలో చేర్చుకొనును. తల్లిదండ్రులు లేని పిల్లలను ఇరుగుపొరుగువారు చేరదీసినట్లే యని చెప్పవచ్చును. కాలికి కొంత బలము తిరిగి వచ్చుటకు ఇదియు నొక కారణము.

పక్షవాతమునుగూర్చి ఒక హెచ్చరిక. అకస్మాత్తుగా మూతి వంకరపోయినను, ఒక చేయి పడిపోయినను, మాట ముద్దపడినను, తెల్లవారనిమ్మని కూర్చుండరాదు. వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. నాళము పూడుటచే వచ్చినదైనచో, గడ్డను కరిగించు మందును సామాన్యముగా నాలుగున్నర గంటలలోపున ఈయవలెను. ఎంత ముందైన అంత మేలు. గండము గడచిన పిదప, వైద్యుడు చెప్పినట్లు ఆ చేతిని, కాలిని మాటిమాటికి కదలింపజేయుచుండవలెను. మేస్త్రులు బ్రదికియున్నారు గనుక, మిగిలిన మెదడు క్రొత్తదారిని ఆజ్ఞను పంపుట కొంతవరకు నేర్చుకొనగలదు.

తుదకు ముసలితనము. అరువదియేండ్లు దాటిన పిదప చాలక నాడీకణములు క్రమక్రమముగా తరిగిపోవును. చనిపోయిన కణముల పోగులను కొన్నింటిని పొరుగు కణములు చేరదీయును, చేరదీయబడనివి నశించును. ముఠాలు తక్కువై, ఉన్నవి పెద్దవగును. సూదిలో దారమెక్కించుటవంటి సున్నితపు పనులు కష్టమగుటకు ఇదియు నొక హేతువు. పోయిన కణము తిరిగి రాదు. ఈ మాట నిజమే. కాని ఉన్న కణములను పూర్తిగా పిలుచుచున్నామా యనునది వేరొక ప్రశ్న.

1990లో బోస్టను నగరమున మరియా ఫియటరోన్ అను వైద్యురాలును, ఆమె సహచరులును ఒక పరీక్షను ప్రకటించిరి. వృద్ధుల సంరక్షణాలయములో నున్న, తొంబదియేండ్ల ప్రాయపు దుర్బలులు పదిమందిచే, వైద్యుల యెదుట, కాలితో బరువు నెత్తు సాధన ఎనిమిది వారములు చేయించిరి. తొమ్మండుగురు దానిని పూర్తిచేసిరి. వారి కాళ్లబలము సగటున 174 శాతము పెరిగెను. అనగా మునుపటికి రెండున్నర రెట్లను మించినది. నడితొడ కండ వైశాల్యము మాత్రము 9 శాతమే పెరిగెను. తొమ్మిదిపాళ్ల కండ ఒక్కటియే ఇంత బలమును ఈయజాలదు. మిగిలిన బలము ఆజ్ఞనుండి వచ్చినది: పిలువబడక పడియున్న ముఠాలు పిలువబడుటవలన, కేకలు త్వరపడుటవలన, పనిలో పొందిక కుదురుటవలన. బలము కండలో మాత్రమే లేదు. పిలుపులో గూడ నున్నది.

ఇప్పుడు మా యింటి సంగతి. మా మేనమామగారు డెబ్బది రెండవయేట జ్వరముచే మూడు వారములు మంచము పట్టిరి. జ్వరము తగ్గినది. ఆయన లేచి అరుగుమీదికి వత్తునన్నపుడెల్ల, "పెద్దప్రాణము, కాళ్లలో సత్తువ లేదు, పడుకొనుము మామయ్యా" అని మేమందరము వారించితిమి. పడక ప్రక్కకే అన్నము, నీళ్లు తెచ్చి యిచ్చితిమి. అది ప్రేమయే. కాని రెండు నెలలు గడచునప్పటికి ఆయన నిజముగనే లేవలేనివారైరి. పిమ్మట అరుగుమీద ఆయన కూర్చుండగా మేము చూడలేదు. కాళ్లలోని సత్తువ జ్వరమువలన కొంత పోయినది. మా వారింపువలన తక్కినది పోయినది. వారించినవారిలో నేనును ఒకడను గనుక ఈ మాట చెప్పుటకు నాకు అధికారము గలదు.

కాబట్టి పెద్దలకు నా మనవి. మెల్లగా నడచుట మంచిదే. కాని దానికి చిన్న ముఠాలే చాలును. పెద్ద ముఠాలకు పిలుపు పోవలెనన్నచో కొంచెము ప్రయాస కావలెను. గట్టి బల్లపై కూర్చుండి, చేతులతో ఊతగొనక లేచుటకు యత్నింపుడు. మొదట గోడప్రక్కన, ఇంటివారి నొకరిని దగ్గర నుంచుకొని, అయిదుసార్లు చాలును; దినములు గడచినకొలది పెంచుకొనవచ్చును. మెట్లెక్కుట, తేలికబిందెను మోయుట వంటివియు మేలే. గుండెజబ్బు, ఆయాసము, తలతిరుగుడు గలవారు వైద్యు నడిగి మొదలిడుడు.

ఇంటిలోని పిన్నలకు మరియొక మనవి. రోగమునుండి తేరుకొనిన పెద్ద, లేచెదనని యన్నపుడు, వైద్యుడు వలదననిచో, పడుకొమ్మని చెప్పకుడు. భుజ మిచ్చి అరుగువరకు నడిపింపుడు.